రూపాంతర పండుగ, ఒంగోలు ప్రార్థన కొండ

ఏటా ఆగస్టు 6న కతోలిక సంఘాలు, మరికొన్ని సంఘాలు క్రీస్తు రూపాంతర పండుగ జరుపుకుంటాయి. చాలా ప్రొటెస్టెంటు సంఘాల్లో శ్రమల కాలానికి ముందు ఆదివారం ఈ వాక్యభాగం చదువుతారు. బెంగళూరు తెలుగువారిలో అన్ని మతాలవారూ ఉన్నారు కనుక విషయం మొదటి నుంచి చెబుతాం.

మత్తయి 17, మార్కు 9, లూకా 9 అధ్యాయాల్లో ఈ వృత్తాంతం ఉంది. తాను శ్రమలు పొంది చనిపోవాల్సి ఉందని యేసు శిష్యులకు అప్పుడే చెప్పారు. వాళ్లు బెదిరిపోయి ఉన్నారు. తర్వాత కొద్ది రోజులకు పేతురు, యాకోబు, యోహానులను వెంటబెట్టుకుని కొండ ఎక్కారు. అక్కడ ఆయన ముఖం సూర్యుడిలా వెలిగింది. మోషే, ఏలీయా కనబడి ఆయనతో మాట్లాడారు. పేతురుకు అక్కడే ఉండిపోవాలనిపించి మూడు పర్ణశాలలు కడతానన్నాడు. మాట ముగియకముందే మేఘం కమ్మింది. తేరుకుని చూస్తే యేసు ఒక్కరే ఉన్నారు. కొండ దిగేసరికి జబ్బుపడిన కొడుకు కోసం ఒక తండ్రి బతిమాలుకుంటూ ఎదురొచ్చాడు.

అంత చూసిన పేతురు కూడా ఆ తర్వాత ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకాడు. మహిమ చూసినవాడు ఇక తొట్రుపడడని అనుకోవడానికి లేదు. అయితే అతని పేరిట ఉన్న రెండో పత్రికలో, మరణం దగ్గరపడిందని చెబుతూ గుర్తు చేసుకున్నది ఆ కొండనే.

మన ప్రార్థన కూడికల్లో తరచూ వినే మాట ఒకటుంది. "మాకెప్పుడూ ఏ దర్శనమూ కలగలేదు. మా విశ్వాసంలోనే లోపముందా?" ఉద్యోగం పోయి ఇంటి అప్పు వాయిదాలు కట్టలేకపోతున్న కుర్రవాడూ ఇలాగే అడుగుతాడు, ఆసుపత్రిలో తల్లి పక్కన నెలల తరబడి కూర్చున్న కూతురూ ఇలాగే అడుగుతుంది. పెద్దపెద్ద సభల్లో దర్శనాల సాక్ష్యాలు విని వచ్చాక ఈ దిగులు ఇంకా ఎక్కువవుతోంది. పన్నెండుమంది శిష్యుల్లో కొండ ఎక్కింది ముగ్గురే. కింద ఉండిపోయిన తొమ్మిదిమందిని ఎవరూ తక్కువ చేసి చెప్పలేదు, యూదా సంగతి వేరు. ముగ్గురు చూసింది మిగతావారికీ ధైర్యమైంది.

మన తెలుగు నేల మీద ఇందుకు దగ్గరగా ఉన్నది ఒంగోలు చరిత్ర. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టి, 1840లో నెల్లూరు చేరింది. ఏళ్లు గడిచినా ఫలితం బహు స్వల్పం. 1853లో అమెరికాలోని పెద్దలు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించారు కూడా. ఆ స్థితిలో 1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు నరసు, జూలియా, రూతు ఒంగోలు దగ్గరి కొండెక్కి కింది పల్లెల కోసం ప్రార్థించారు. వాళ్లకు మోషే కనబడలేదు, ఏలీయా కనబడలేదు. ప్రార్థన, కొండ మీంచి సూర్యోదయం, అంతే. ఆ పల్లెలు ప్రభువువి అవుతాయన్న నమ్మకంతో దిగివచ్చారు. ఆ కొండకు ప్రార్థన కొండ అని పేరొచ్చింది.

తర్వాత పన్నెండేళ్లకు గాని జాన్ క్లౌ ఒంగోలుకు కాపురం రాలేదు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఈ సంగతి చాలామంది విమర్శకులకు తెలియదు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కొండ మీద ప్రార్థనకూ నదిలో ఆ రోజుకూ నడుమ 24 ఏళ్లు. ఆ మధ్యకాలంలో జూవెట్ ఊరూరా బోధించారు, తెలుగు బైబిలు అనువాదం మీద కూర్చున్నారు, జ్వరాలు పడ్డారు, మిషన్‌ను మూయవద్దని స్వదేశంలోని వారిని బతిమాలారు. ఇవాళ ఒంగోలులో ఆయన పేరిట గుడి ఉంది.