తోట రాముడు గుహలోకి వెళ్లనంటే?

‘పాతాళ భైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడు రమ్మన్నాడు, తోట రాముడు వెంట వెళ్లాడు. వెళ్లక చేసేదేముంది? కథ అలా రాసిపెట్టారు. అదే మీరు రాముడై, ‘నీ వాలకం చూస్తే నమ్మకం కుదరడం లేదయ్యా, ముందు మా అంజిగాణ్ణి పిలవనీ’ అన్నారనుకోండి. మాంత్రికుడు ఏం చేస్తాడు? సరిగ్గా అక్కడ మొదలయ్యే ఆటలున్నాయి. వాటిని టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు.

ద్వారకా నగర్‌లో మా అక్కావాళ్ల ఫ్లాట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఈ ఆట నడుస్తుంది. కింద వీధిలో కోచింగ్ సెంటర్ల హడావిడి. పైన మా మేనకోడలు, దాని స్నేహితులు నలుగురు, చేగోడీల డబ్బా, కాగితాలు, రంగురంగుల పాచికలు. కథ నడిపేవాళ్లని డీఎం అంటారు, అంటే డంజన్ మాస్టర్. ఊరు, అడవి, రాక్షసుడు, సత్రం నడిపే ముసలమ్మ అన్నీ డీఎం నోటి నుంచే పుడతాయి. మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. ఆ పాత్ర బలమెంతో, తెలివెంతో కాగితం మీద అంకెల్లో ఉంటుంది. ఏం చేస్తారన్నది వాళ్ల ఇష్టం. అవుతుందా లేదా అన్నది మాత్రం పాచిక చెప్పాలి. కోటగోడ దూకాలంటే ఇరవై ముఖాల పాచిక మీద 15 గానీ అంతకు మించి గానీ పడాలి అన్నారనుకోండి, నూటికి ముప్పై పాళ్లే అవకాశం. నేను ఓసారి కాపలావాణ్ణి మాటలతో బోల్తా కొట్టించబోయాను. “బాగా చెప్పావు మావయ్యా, కానీ డైస్ వెయ్యాల్సిందే” అంది మేనకోడలు. నాలుగు పడింది.

వీటికి ఆద్యం ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. బల్ల మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల్లోంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని తయారుచేశారు. 1974లో అమెరికాలో మొదట అచ్చేసింది వెయ్యి పెట్టెలే. 2014లో నియమాలు సులువు చేసి కొత్త కూర్పు తెచ్చారు. మరుసటేడు ‘క్రిటికల్ రోల్’ బృందం తమ ఆటను ఇంటర్నెట్‌లో చూపించడం మొదలుపెట్టింది. 2016లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్ వచ్చింది. ఇక ఆగలేదు. అన్నిటికన్నా మంచి ఆట కనుక ఇంతమంది ఆడుతున్నారనుకోను. నలుగురు కూడాలంటే నలుగురికీ తెలిసిన ఆట కావాలి, అంతే. నా మట్టుకు నాకు అందులో కొట్లాట ఎక్కువ. ఒక్క పోరు గంటసేపు సాగుతుంది.

జపాన్‌లో జనం మోజు ‘కాల్ ఆఫ్ కథుల్హు’ (1981) మీద. అందులో మీరు వీరుడు కారు. విలేకరో, ప్రొఫెసరో అయి ఉంటారు. చూడకూడనిది చూసిన కొద్దీ మతిస్థిమితం అంకె తగ్గిపోతుంటుంది. ‘ఫియాస్కో’ (2009) మరో దారి. డీఎం ఉండడు. అత్యాశపరులు కొందరు పథకం వేసి, దాన్ని వాళ్లే తగలేసుకుంటారు. నాకు ఇదే ఇష్టం.

ఇదంతా చూస్తుంటే నాకు కృష్ణదేవరాయల సభను అభినయించే భువనవిజయం గుర్తొస్తుంది. నేనూ తిమ్మరుసు వేషం కట్టినవాణ్ణే. ఒకరు రాయలు, ఎనిమిది మంది అష్టదిగ్గజాలు. రాయలు సమస్య ఇస్తే పెద్దన వేషంలో ఉన్నాయన పెద్దనలాగే ఠీవిగా, అప్పటికప్పుడు పద్యం చెప్పాలి. తెనాలి రామకృష్ణుడు మధ్యలో దూరి చురక వెయ్యాలి. అక్కడ యతిప్రాసలు చేసే పని ఇక్కడ పాచిక చేస్తోంది. అడ్డం పడేది ఒకటుంటేనే ఆశువుకు రుచి. తేడా అల్లా, భువనవిజయానికి ఛందస్సు రావాలి, ఎదురుగా సభ ఉండాలి. దీనికి చూసేవాళ్లు అక్కర్లేదు. అందుకేనేమో, నలుగురిలో నోరు విప్పని పిల్లలు కూడా ఇక్కడ రాజులతో వాదిస్తారు.

2023 జనవరిలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో పేర్కొంటే చాలు, ఎవరైనా తెలుగు చేసి అచ్చేసుకోవచ్చు. మా పిల్ల ఆ పనిలో పడింది. కథకి మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’ పట్టుకుంది. మణిసిద్ధుడు, గోపకుమారుడు కాశీకి నడుస్తూ ఆగిన ప్రతి మజిలీ ఒక సెషన్. నాకు మణిసిద్ధుడి పాత్ర ఇమ్మన్నాను. కథ చెప్పేవాడు డీఎం కాబట్టి అది తనదేనట. కావాలంటే గోపకుమారుణ్ణి తీసుకోమంది, బలం తెలివి అంకెలు డైస్ వేసి తేల్చుకోమంది.