మెదడు నిర్మాణంలో రీలిన్ ప్రోటీన్: ప్రతిదేహం ద్వారా గుర్తింపు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గర్భస్థశిశువు మెదడులో నాడీకణాలు పొరలుగా అమరడానికి తోడ్పడే ప్రోటీన్ రీలిన్. దానిని ప్రయోగశాలలో గుర్తించే ప్రతిదేహం ఎలా లభించిందో, అది చూపే ఫలితాన్ని ఎప్పుడు నమ్మవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రతిదేహం, ప్రతిజనకం, రీలిన్, రీలర్ ఎలుక, మేనరికం.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు మూసాపేటలో ఏ మందుల దుకాణానికి వెళ్ళినా ప్రెగ్నెన్సీ కిట్ దొరుకుతుంది. మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోన్ ఉంటే, కిట్‌లోని పట్టీ మీద ఉన్న ప్రతిదేహాలు దానిని పట్టుకుంటాయి. అప్పుడు రంగు గీత తేలుతుంది. దాని పక్కనే మరొక గీత కూడా రావాలి. పరీక్ష సరిగా జరిగిందని తెలిపే నియంత్రణ గీత అది. అది రాకపోతే మొదటి గీత వచ్చినా, రాకపోయినా ఆ ఫలితానికి విలువ లేదు. అదే నగరంలో హబ్సిగూడలోని సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలలో ప్రతిదేహం నిత్యం వాడే సాధనం. మెదడులోని ప్రోటీన్లను వెదికేటప్పుడు కూడా నియంత్రణ లేని ఫలితానికి విలువ ఉండదు.

2. ప్రతిదేహం - ప్రతిజనకం:
శరీరంలోకి వచ్చిన పరాయి పదార్థాన్ని గుర్తించి దానికి అతుక్కునే ప్రోటీన్‌ను ప్రతిదేహం అంటారు. దాని ఉత్పత్తికి కారణమైన పదార్థం ప్రతిజనకం. ఈ రెండింటినీ తాళంచెవితో, తాళంతో పోల్చడం పరిపాటి. అయితే ఈ పోలిక కొంతవరకే సరిపోతుంది. ప్రతిదేహం ప్రోటీన్ మొత్తాన్ని గుర్తించదు. అందులోని ఒక చిన్న భాగాన్ని మాత్రమే గుర్తిస్తుంది. అటువంటి భాగం వేరొక ప్రోటీన్‌లో ఉంటే దానికీ అతుక్కోగలదు.

ఒకే కణసంతతి నుండి ఒకే రకం ప్రతిదేహాన్ని కావలసినంత పొందే పద్ధతిని 1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ వెల్లడించారు. 1984లో నీల్స్ జెర్నితో కలిసి వారు నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ పద్ధతి వల్ల ప్రతిదేహాల కొరత తీరింది. అయితే చేతిలో ఉన్న ప్రతిదేహం నిజంగా ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటున్నదో నిర్ధారించుకోవలసిన బాధ్యత పరిశోధకునిదే.

3. రీలర్ ఎలుక:
1951లో బ్రిటన్‌కు చెందిన జన్యుశాస్త్రవేత్త డగ్లస్ ఫాల్కనర్ తూలుతూ నడిచే ఒక రకం ఎలుకలను వర్ణించాడు. ఆ తూలుడు వల్లనే వాటికి 'రీలర్' అనే పేరు వచ్చింది. సాధారణంగా మెదడు వల్కలంలో తరువాత పుట్టిన నాడీకణాలు ముందు పుట్టిన వాటిని దాటుకొని పైకి చేరతాయి. అంతస్తుల భవనంలో కింది అంతస్తుల మీదుగా ఎక్కి పై అంతస్తు కట్టినట్లే ఈ అమరిక సాగుతుంది. రీలర్ ఎలుకలలో కొత్త కణాలు పాత కణాలను దాటలేక కిందనే నిలిచిపోతాయి. అందువల్ల పొరల క్రమం తారుమారవుతుంది.

4. ప్రతిదేహం పుట్టుక:
ఏ ప్రాణి అయినా తన సొంత ప్రోటీన్‌కు వ్యతిరేకంగా సాధారణంగా ప్రతిదేహాన్ని తయారుచేయదు. రీలర్ ఎలుకలో ఒక ప్రోటీన్ లోపించి ఉంటే, ఆ ప్రోటీన్ దాని శరీరానికి పరాయిదే అవుతుంది. జపాన్‌లో కత్సుహికో మికోషిబా బృందం ఈ తర్కాన్నే అనుసరించింది. సాధారణ ఎలుక పిండాల మెదడు పదార్థాన్ని రీలర్ ఎలుకలకు ఎక్కించి, 'సీఆర్-50' అనే ప్రతిదేహాన్ని సాధించి, 1995లో ప్రకటించింది. అది సాధారణ మెదడు పైపొరలోని కహాల్-రెట్జియస్ కణాలను గుర్తించింది. రీలర్ మెదడులో దానికి అతుక్కునే చోటు కనిపించలేదు. అదే సంవత్సరం అమెరికాలో టామ్ కర్రన్ బృందం లోపించిన జన్యువును కనుగొని, దాని ప్రోటీన్‌కు రీలిన్ అని పేరు పెట్టింది. సీఆర్-50 గుర్తించేది రీలిన్‌నే అని 1997లో రుజువైంది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఈ ప్రతిదేహం పుట్టిన ఎలుకజాతే దానికి పరీక్షగా కూడా నిలిచింది. రీలిన్ లేని మెదడు ఈ ప్రయోగంలో ప్రతికూల నియంత్రణగా పనిచేసింది.

5. ఫలితాన్ని చదివే విధానం:
మానవ రీలిన్ 3,460 అమైనో ఆమ్లాలు గల పెద్ద ప్రోటీన్. కణం నుండి వెలువడిన తరువాత అది కొన్ని చోట్ల తెగి ముక్కలవుతుంది. సీఆర్-50 ఆరంభభాగాన్ని మాత్రమే గుర్తిస్తుంది కనుక, విడిపోయిన చివరి ముక్క దానికి కనిపించదు. అందువల్ల 'కనిపించలేదు' అన్నంత మాత్రాన 'లేదు' అని చెప్పలేం. ప్రోటీన్ తప్పక ఉన్న నమూనాను, అసలే లేని నమూనాను పక్కపక్కన ఉంచి చూడాలి. వేరొక భాగాన్ని గుర్తించే రెండవ ప్రతిదేహంతోనూ సరిపోల్చాలి.

6. తెలుగు సమాజానికి దీని ప్రాసంగికత:
రీలిన్ జన్యులోపం వల్ల మనుషులలోనూ మెదడు ముడతలు సరిగా ఏర్పడవనీ, చిన్నమెదడు ఎదగదనీ 2000లో వెల్లడైంది. ఆ రోగులలో రీలిన్ అతి తక్కువగా ఉంది, లేదా అసలు కనిపించలేదు. ఇది చాలా అరుదైన వ్యాధి. తల్లిదండ్రులిద్దరూ ఈ లోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలలో భార్యాభర్తలిద్దరికీ ఒకే పూర్వికుని నుండి ఒకే లోపం సంక్రమించే అవకాశం పెరుగుతుంది. మేనమామతో, మేనత్త బిడ్డతో పెళ్ళిళ్ళు జరిగిన తెలుగు కుటుంబాలకు అందుకే ఈ విషయం పరాయిది కాదు.

వ్యాధి నిర్ధారణకు డీఎన్‌ఏ పరీక్షే ఆధారం. ఆ జన్యుమార్పు వల్ల ప్రోటీన్‌కు ఏమైందో తెలుసుకోవడానికి ప్రతిదేహం తోడ్పడుతుంది. సరిచూడని ప్రతిదేహాన్ని నమ్మితే, హాని చేయని మార్పును హానికరమైనదిగానో, హానికరమైన దానిని నిర్దోషమైనదిగానో భావించే ప్రమాదం ఉంది. తరువాతి కాన్పు గురించి తల్లిదండ్రులు తీసుకునే నిర్ణయంపై ఆ పొరపాటు ప్రభావం పడుతుంది.

7. ముగింపు:
రీలిన్ చరిత్రలో ప్రోటీన్ లేని ఎలుకే ఆ ప్రోటీన్‌ను పట్టించింది. ప్రతిదేహం ఎక్కడ అతుక్కున్నదో చూడటంతోపాటు, ఎక్కడ అతుక్కోకూడదో అక్కడ అతుక్కోలేదని నిరూపించినప్పుడే దాని సాక్ష్యం నిలుస్తుంది. నియంత్రణ లేని ఫలితానికి విలువ లేదన్నదే ప్రెగ్నెన్సీ కిట్‌లోని రెండవ గీత సామాన్యునికి నేర్పే పాఠం.