హీబ్రూ ధర్మగ్రంథములలో పరదేశి – ఆతిథ్య ధర్మము

హీబ్రూ ధర్మగ్రంథములలో నగరముల నైతిక పతనమును వర్ణించు కథలు రెండు మిక్కిలి ప్రసిద్ధములు. ఒకటి ఆదికాండము 19వ అధ్యాయమునందలి సొదొమ వృత్తాంతము. రెండవది న్యాయాధిపతుల గ్రంథము 19వ అధ్యాయమునందలి గిబియా వృత్తాంతము. రెంటను ప్రొద్దు గ్రుంకు వేళ బాటసారులు ఊరు చేరుదురు. రెంటను ఊరంతయు దుర్మార్గమునకు లోబడగా ఒక్కడు మాత్రము తలుపు తెఱచును. ఆ యొక్కడు ఎవ్వడు? అతని యాతిథ్యము ఎంతవఱకు రక్షింపగలిగెను? ఈ ప్రశ్నల విచారణమే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా శబ్దవిచారము. హీబ్రూ బైబిలులో ఆతిథ్యమను భావమును దెలుపు ప్రత్యేక నామవాచకము లేదు. అతిథులను లోనికి గొనివచ్చుట యను నర్థముగల ‘హఖ్నాసత్ ఓర్హీమ్’ అను పదబంధము తరువాతి రబ్బీల వాఙ్మయమునకు చెందినది. ధర్మగ్రంథములందు మనకు గానవచ్చునవి మనుష్యుని దెలుపు పదములు. ‘ఓరేయహ్’ యనగా దారిన పోవువాడు. ‘నొఖ్రీ’ యనగా అన్యజాతివాడు. ‘గేర్’ యనగా స్వస్థలమును విడిచి పరుల నడుమ కాపురమున్నవాడు. ఈ మూడవ శబ్దమునకు తెలుగు బైబిలులో ‘పరదేశి’ యను మాట వాడబడినది. మన వాడుకలో పరదేశి యనగా ఊరూర దిరుగు బిచ్చగాడను భావము స్ఫురించుటయు గలదు. గేర్ అట్టివాడు కాడు. ఊరిలో అతనికి ఇల్లుండవచ్చును, పొలములో పనియుండవచ్చును; కాని వంశపరంపరగా వచ్చిన భూమి లేదు, ఆపదలో నిలుచు బంధుబలగము లేదు. ఈ శబ్దమునకు మూలమగు ‘గూర్’ ధాతువు పై రెండు కథలలోను కీలకస్థానములందే ప్రయుక్తమైనది.

సొదొమ కథకు ముందటి యధ్యాయము ఆతిథ్యమునకు ఆదర్శము నెలకొల్పుచున్నది. మమ్రేలోని వృక్షముల చెంత, ఎండవేళ గుడారపు ద్వారమున కూర్చున్న అబ్రాహాము ముగ్గురు మనుష్యులను జూచి పరుగెత్తి యెదురేగెను. వారెవ్వరో యడుగలేదు. కొంచెము రొట్టె తెత్తునని మాత్రము పలికి, మూడు మానికల పిండితో రొట్టెలు చేయించి, లేతదూడను వండించి, పెరుగును పాలును తెచ్చి పెట్టెను. వారు భుజించుచుండగా తాను చెట్టుక్రింద నిలుచుండెను. అంతకు ముందటి యధ్యాయమున అతని వయస్సు 99 ఏండ్లని చెప్పబడినది. అట్టి వృద్ధుని విషయమున పరుగును, త్వరను దెలుపు క్రియలు మాటిమాటికి వచ్చుట గమనింపదగినది.

ఆ యతిథులలో ఇద్దఱు సాయంకాలమునకు సొదొమ చేరిరి. గవిని యొద్ద కూర్చున్న లోతు వారిని బలవంతపెట్టి యింటికి గొనిపోయి విందు చేసెను. పిన్నలు పెద్దలు అను భేదము లేక నగరవాసులు ఇల్లు చుట్టుముట్టి, అతిథులను చెఱుపగోరి బయటికి తెమ్మనిరి. లోతు అడ్డుపడగా, బ్రదుక వచ్చినవాడు తమకు తీర్పరి యగునా యని యాక్షేపించిరి. ఇచ్చటనే ‘గూర్’ ధాతువు వచ్చినది. ఆతిథ్య మిచ్చినవాడే ఆ యూరిలో పరదేశి! సొదొమ పాపమును యెహెజ్కేలు ప్రవక్త మఱియొక విధమున వివరించెను. 16వ అధ్యాయమున ఆయన గర్వమును, అన్నసమృద్ధిని, నిశ్చింతను పేర్కొని, దీనులకు చేయూత నీయకపోవుటను ఆ నగరముపై దోషముగా నారోపించెను. అనగా ఆ రాత్రి జరిగిన దౌర్జన్యమునకు వెనుక కలిమిచే మూయబడిన తలుపులు పెక్కు గలవు.

గిబియా కథ మఱింత దారుణమైనది. ఎఫ్రాయిము మన్యమునందుండు లేవీయు డొకడు తన యుపపత్నితో యూదా బెత్లెహేమునుండి బయలుదేరెను. ప్రొద్దు వాలుచుండగా సేవకుడు యెబూసులో బస చేయుదమనెను. అది అన్యుల పట్టణమని లేవీయుడు నిరాకరించి, స్వజనులైన బెన్యామీనీయుల గిబియాకు పోయెను. అచ్చట వీథిలో కూర్చున్నను ఇంటికి పిలిచినవారు లేరు. ఆ బాటసారులకు కావలసినది నీడ యొక్కటియే. గాడిదలకు గడ్డియు, తమకు రొట్టెయు ద్రాక్షారసమును వారి యొద్దనే యుండెను. తుదకు పొలమునుండి వచ్చిన ముదుసలి యొకడు వారిని చేర్చుకొనెను. అతడును ఎఫ్రాయిమునుండి వచ్చి గిబియాలో కాపురమున్న పరదేశియే. గ్రంథము మరల ‘గూర్’ ధాతువునే వాడినది. అన్యులని విడిచిన ఊరిలో ఏమి జరిగియుండెడిదో కథకుడు చెప్పడు. స్వజనుల ఊరిలో జరిగినది మాత్రము చెప్పెను.

ఈ సామ్యమునుండి ఒక సత్యము తేటపడుచున్నది. సంఘమునకు నీతి తప్పినపుడు ఆతిథ్యము, వెలివానిగా బ్రదుకుట యెట్టిదో యెఱిగినవాని యొద్దనే మిగులును. కాని ఆ యాతిథ్యమునకు ఘోరమైన పరిమితియు గలదు. అతిథులను కాపాడుటకై లోతు తన యిద్దఱు కుమార్తెలను ఇచ్చెదననెను. గిబియా ముదుసలి తన కుమార్తెను, అతిథియొక్క ఉపపత్నిని ఇచ్చెదననెను. సొదొమలో దేవదూతలు తలుపు మూసి ఇంటివారిని రక్షించిరి. గిబియాకు దేవదూతలు రాలేదు. వెలికి ద్రోయబడిన స్త్రీ రాత్రియెల్ల బాధింపబడి, తెల్లవాఱునప్పటికి గడపమీద చేతులుంచి పడియుండెను. ఆమెయు ఆ యింటి యతిథియే. కథకుడు ముదుసలిని నోరార నిందింపలేదు. గడపపై నున్న ఆ చేతులే తీర్పని నా యభిప్రాయము. తరువాత జరిగిన యుద్ధమున బెన్యామీను గోత్రమున 600 మంది పురుషులు మాత్రము మిగిలిరి. హోషేయ ప్రవక్త కాలమునకు గిబియా దినములనునది పాపమునకు నానుడియైనది.

ఒక్కని సాహసముపై నాధారపడిన ఆతిథ్యము చాలదు గనుకనే ధర్మశాస్త్రము దానిని శాసనముగా జేసినది. పొలపు అంచులను కోయక పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెననియు, పరదేశిని తన్నువలె ప్రేమింపవలెననియు లేవీయకాండము 19వ అధ్యాయము విధించుచున్నది. దీనికి చెప్పిన హేతువు ఐగుప్తులో ఇశ్రాయేలీయులు తామే పరదేశులుగా నుండుట. లోతునకు, ఆ ముదుసలికి స్వానుభవమువలన గలిగిన యెఱుకను శాస్త్రము జాతి కంతటికి స్మృతిరూపమున పంచిపెట్టినది. పరదేశిని గూర్చిన హెచ్చరిక తోరాలో 36 మారులు, కొందఱి మతమున 46 మారులు వచ్చినదని బాబిలోను తాల్మూదు లెక్కించినది.

ఈ శాసనము ఆచరణమున నెట్లుండునో రూతు గ్రంథము చూపుచున్నది. దాని కాలము న్యాయాధిపతుల కాలమే; స్థలము ఆ యుపపత్ని పుట్టినిల్లైన బెత్లెహేమే. మోయాబీయులు ఇశ్రాయేలీయులకు అన్నపానములతో ఎదురురాలేదు గనుక వారిని సమాజమున చేర్చరాదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చెప్పుచున్నది. అట్టి మోయాబు స్త్రీయైన రూతు పరిగె నేరుకొనుటకు రాగా, పొలము యజమానుడగు బోయజు ఆమెకు భోజనము పెట్టెను. తన్ను తాను ‘నొఖ్రియ్యా’ యని చెప్పుకొనిన ఆ స్త్రీని ముట్టరాదని అంతకు మున్నే పనివాండ్రకు ఆజ్ఞాపించియుండెను. గిబియాలో ఇంటిలోనికి వచ్చిన స్త్రీకి లేని రక్షణ, బెత్లెహేములో ఆరుబయట నున్న పరస్త్రీకి లభించినది. ఆమె మునిమనుమడే దావీదు.

కావున హీబ్రూ ధర్మగ్రంథములలో ఆతిథ్యము భోజనము పెట్టుటతో ముగియదు. గడప దాటి వచ్చినవారిలో మిక్కిలి బలహీనులకు సైతము అభయము గలిగిననాడే అది సంపూర్ణమగును. సొదొమ, గిబియాల కథలు నేటికిని మన కీ ప్రమాణమునే గుర్తుచేయుచున్నవి.