మల్లెను మింగేసే సబ్బు

ఉగాదికి చుట్టాలకు పంచుదామని ఒక పాఠకురాలు ఇంట్లో మల్లెపూల సబ్బు చేశారట. కొబ్బరి నూనె, కాస్టిక్ సోడా, గుప్పెడు పూలు, పైన ఖరీదైన మల్లె సారం. అచ్చులోంచి తీసేసరికే పూలు గోధుమ రంగుకు తిరిగాయి. నెల రోజులు ఆరబెట్టాక చూస్తే సబ్బంతా మాసిన రంగు, మల్లె వాసన అంతంతమాత్రం. తప్పెక్కడ జరిగిందని ఆమె ప్రశ్న. తప్పేమీ లేదు. సబ్బును పుట్టించిన చర్యే మల్లెనూ మింగింది!

నూనెలో ఒక గ్లిజరిన్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. ఆ అతుకునే ఎస్టర్ బంధం అంటారు. కాస్టిక్ సోడా దాన్ని తెంపుతుంది. ఆమ్లాలు సోడియంతో కలిసి సబ్బవుతాయి, గ్లిజరిన్ విడిపోతుంది. 100 గ్రాముల కొబ్బరి నూనెకు సుమారు 18 గ్రాముల సోడా పడుతుంది.

ఈ మాత్రం తేలడానికి చాలా కాలం పట్టింది. నూనె, క్షారం యథాతథంగా కలిసిపోతే సబ్బు అవుతుందని రసాయనవేత్తలు నమ్మేవారు. 18వ శతాబ్దంలోనే స్వీడన్‌లో షీలే ఆలివ్ నూనెలోంచి తియ్యటి గ్లిజరిన్ తీశాడు, కానీ గుట్టు విప్పలేకపోయాడు. ఫ్రాన్సులో షెవ్రల్ సబ్బును ఆమ్లంతో విరగ్గొట్టి, అందులోని కొవ్వు ఆమ్లాలను వేరు చేసి, 1823లో అచ్చువేసిన పుస్తకంలో లెక్క తేల్చాడు. ఆయన బతికింది 102 ఏళ్లు. తన మాట నెగ్గడం చూసుకోవడానికి కావలసినంత తీరిక!

ఇప్పుడు మల్లె దగ్గరికి వద్దాం. దాని పరిమళంలో ముఖ్యమైన అణువుల్లో ఒకటి బెంజైల్ ఎసిటేట్. పేరులోనే ఉంది, అదీ ఎస్టరే. పచ్చి సబ్బులో మిగిలిన సోడాకు కొబ్బరి నూనె ఎస్టర్, మల్లె ఎస్టర్ అన్న తేడా లేదు, రెండింటినీ తెంపుతుంది. తెగితే మిగిలేది బెంజైల్ ఆల్కహాల్, సోడియం ఎసిటేట్. మొదటిదానికి వాసన బహు స్వల్పం, రెండోదానికి దాదాపు శూన్యం. తెగనిదాంట్లో కొంత గాలిలోకి ఎగిరిపోతుంది. మల్లెలోనే ఉండే ఇండోల్ గాలీ వెలుతురూ తగిలి సబ్బుకు గోధుమ రంగు పట్టిస్తుంది. లావెండర్‌కూ ఇలాంటి గండమే. అందులోని లినాలైల్ ఎసిటేట్ కూడా ఎస్టరే.

గులాబీ గట్టిది. దాని నూనెలో ప్రధానమైన సిట్రోనెలాల్, జెరానియాల్ ఆల్కహాల్ జాతివి. తెంపడానికి ఎస్టర్ అతుకే లేనప్పుడు సోడా ఏం చేస్తుంది? చందనం నూనెలోని శాంటలాల్స్‌దీ అదే జాతి. మొదటి ప్రపంచ యుద్ధంతో చందనం ఎగుమతులు ఆగిపోయి మైసూరు సంస్థానం సబ్బుల వైపు మళ్లినప్పుడు, చేతిలో మల్లె కాక చందనం ఉండటం అదృష్టం.

రేకుల సంగతి వేరు. గులాబీ రేకుల ఎరుపు ఆంథోసయనిన్లది. క్షారం తగిలితే రంగు మారిపోతుంది. బంతి రేకుల పసుపు కెరొటినాయిడ్లది, అది దాదాపు చెక్కుచెదరదు. పూలు కనిపించాలని పట్టుబట్టేవారికి బంతిపూలే దిక్కు.

మరి బజారులో మల్లె సబ్బులు గుప్పుమంటున్నాయే అంటే, ఫ్యాక్టరీలో సోడా పని పూర్తయి, సబ్బు ఎండి రేకులయ్యాకే సెంటు కలుపుతారు. దానికితోడు క్షారానికి లొంగని హెక్సైల్ సిన్నమాల్ లాంటి కృత్రిమ మల్లె వాసనలున్నాయి. ఇంట్లోనైతే రెడీమేడ్ సబ్బు బేస్ కొని, కరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు సెంటు వేయడమే మార్గం. దాన్ని సబ్బు చేయడం అనడానికి నోరు రాదు. అసలు రసాయనమంతా అప్పటికే ఎవరో కానిచ్చేశారు!