మీకు తెలుసా? ఏడాదిలో సగమైన లెక్క

మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 50 లక్షలకు పైనే అని 2006 దాకా అంచనా. 2007లో అది ఒక్కసారిగా 25 లక్షలకు దిగింది. రోగం తగ్గి కాదు, లెక్కగట్టే పద్ధతి మారి! అంతకుముందు ప్రధాన ఆధారం గర్భిణుల, సుఖవ్యాధుల క్లినిక్‌లలో తీసిన రక్తనమూనాలే. మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2005-06) ఇళ్లకే వెళ్లి లక్ష మందికి పైగా రక్తం పరీక్షించాక అసలు సంగతి తేలింది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు అందులో ఊరటేమీ దొరకలేదు. వయోజనుల్లో 0.97 శాతం హెచ్‌ఐవీతో మణిపూర్ తర్వాతి స్థానం మనదే.

2023 అంచనాలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు దేశంలోని వయోజనుల్లో 0.20 శాతం, తెలంగాణలో 0.44 శాతం. శాతం తగ్గినా దేశంలో మనుషుల సంఖ్య ఇప్పటికీ 25 లక్షల పైచిలుకే. జనాభా పెరిగింది; 2004 నుంచి ఉచితంగా ఇస్తున్న, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులతో రోగులు ఏళ్ల తరబడి బతుకుతున్నారు. ఈ అంకె పెద్దదిగా ఉండటంలో కొంత మంచి కబురూ ఉందన్నమాట.

ఇక పరీక్షల సంగతి. తెలంగాణలోని జగిత్యాల, కోరుట్లల నుంచి గల్ఫ్‌కు, సిరిసిల్ల మరమగ్గాల నుంచి మహారాష్ట్రలోని భివండికి వలస పాతదే. గల్ఫ్ వీసా మెడికల్‌లో హెచ్‌ఐవీ పరీక్ష తప్పదు. పాజిటివ్ వస్తే ‘అన్‌ఫిట్’. భివండి బస్సెక్కేవాళ్లను మాత్రం పరీక్ష చేయించుకున్నారా అని ఎవరూ అడగరు. సర్కారు దవాఖానాల్లోని ఐసీటీసీలలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రాల్లో) పరీక్ష ఉచితం. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. సందేహాలకు టోల్‌ఫ్రీ నంబరు 1097.