పడవ అడుగు నునుపు – తెడ్డు వేగం: శబరి, గోదావరి నాటుపడవల నేపథ్యం

భద్రాచలం దిగువన కూనవరం వద్ద శబరి గోదావరిలో కలుస్తుంది. ఈ అటవీ సరిహద్దు గ్రామాల్లో నాటుపడవ చేపల వేటకే పరిమితం కాదు. వరదకు బాటలు మునిగినప్పుడు అదే బాట. అందువల్ల పడవ అడుగు ఎంత నునుపుగా ఉండాలన్న ప్రశ్నకు అందంతో నిమిత్తం లేదు. ఆవలి ఒడ్డున పడవ ఎక్కడ చేరుతుందన్నదే అసలు విషయం.

కదిలే పడవ అడుగును ఆనుకొన్న నీటిపొర దానికి అంటుకొని పడవతో పాటే సాగుతూ, పక్క పొరను తనతో లాగుతుంది. ఇలా నీటిని ఈడ్చుకుపోవడం వల్ల కలిగేదే ఘర్షణ నిరోధం. నెమ్మదిగా సాగే సన్నని తెడ్డు పడవకు ఎదురయ్యే నిరోధంలో అధికభాగం ఇదే. ఆంగ్ల ఇంజనీరు విలియం ఫ్రూడ్ 1870ల్లో టార్కీలోని పొడవాటి నీటితొట్టిలో పలకలను ఈడ్చి దీనిని కొలిచాడు. వార్నిష్ పూసిన పలకతో పోలిస్తే నూలుగుడ్డ లేదా ఇసుక అతికించిన పలకకు దాదాపు రెట్టింపు నిరోధం ఎదురైంది.

ఘర్షణ రెట్టింపైతే వేగం సగమవుతుందని భావించరాదు. నిరోధం సుమారుగా వేగవర్గాన్ని, దానికి కావలసిన శక్తి వేగఘనాన్ని అనుసరించి పెరుగుతాయి. మొత్తం నిరోధంలో ఘర్షణ వాటా 80 శాతమనుకుంటే, అది రెట్టింపైనప్పుడు అదే శ్రమకు వేగం 18 శాతం తగ్గుతుంది. ఇది స్వల్పంగా తోచవచ్చు. కాని 500 మీటర్ల పాయను, ముక్కు ఎదుటి ఒడ్డుకే ఉంచి, సెకనుకు 1 మీటరు వేగంతో దాటే పడవకు 500 సెకన్లు పడితే, గరుకు పడవకు సుమారు 610 సెకన్లు పడుతుంది. ప్రవాహం కూడా సెకనుకు 1 మీటరే అయితే గరుకు పడవ మరో 110 మీటర్లు దిగువకు కొట్టుకుపోతుంది. దాని వేగం ప్రవాహవేగం కన్నా తక్కువ కనుక, ఆ ప్రవాహంలో తెడ్డు బలంతో వెనక్కి రాలేదు. ఒడ్డు వెంట గడతోనో తాడుతోనో తేవలసిందే.

అయితే నునుపుకూ ఒక హద్దు ఉంది. అడుగును అంటిన పలుచని నీటిపొరలో మునిగిపోయే గరుకు నిరోధాన్ని పెంచదు. సెకనుకు 1 మీటరు వేగంలో ఆ హద్దు సుమారు 0.1 మిల్లీమీటరు, 2 మీటర్ల వేగంలో అందులో సగం. మెరుపును బట్టి పడవ వేగాన్ని అంచనా కట్టడం కంటికి నచ్చే పొరపాటు మాత్రమే. నాచు, పెచ్చులు లేచిన తారు, బాడిత గాట్లు, పైకి తేలిన మేకుతలలు మాత్రం ఈ హద్దును సులభంగా దాటిపోతాయి. ముక్కు దగ్గర ఆ పొర మరింత పలుచన కనుక గోకి శుభ్రం చేయడం అక్కడి నుండే ఆరంభించాలి. తారు మొదటి ప్రయోజనం నీరు ఊరకుండా ఆపడం. నీరు ఊరిన పడవ బరువెక్కి లోతుగా మునుగుతుంది. తడిసే వైశాల్యం పెరిగి, ఎంత నున్నని అడుగుకైనా ఘర్షణ పెరుగుతుంది.