మీ ఇంటి పిల్లికి ఇన్సులిన్ వేస్తున్నారా?

చక్కెర వ్యాధి మనుషులకే వస్తుందని చాలామంది అనుకుంటారు. కుక్కలకూ, పిల్లులకూ కూడా వస్తుంది. పిల్లిని ఇంట్లో మనిషిలాగా చూసుకునే కుటుంబాలు మన మైలార్‌దేవ్‌పల్లిలోనూ ఉన్నాయి. అలాంటి ఇంట్లో నాయనమ్మకూ షుగరు, పిల్లికీ షుగరు ఉందనుకోండి. ఒకే ఫ్రిజ్‌లో రెండు ఇన్సులిన్ సీసాలు, ఒకే డబ్బాలో రెండు రకాల సిరంజిలు చేరతాయి. మనుషుల ఆసుపత్రి వాళ్లు పిల్లి గురించి ఎందుకు రాస్తున్నారని మీరు అడగవచ్చు. ఆ డబ్బా దగ్గర పొరపాటు జరిగితే పిల్లికే కాదు, నాయనమ్మకూ ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రాస్తున్నాం.

పిల్లి నీళ్లు విపరీతంగా తాగుతున్నా, ఎక్కువసార్లు మూత్రం పోస్తున్నా, బాగా తింటూనే చిక్కిపోతున్నా అనుమానించాలి. కొన్ని పిల్లులు వెనుక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. లావెక్కినవాటికీ, వయసు మళ్లిన మగపిల్లులకూ, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాటికీ ఈ వ్యాధి ఎక్కువగా వస్తుంది. అయితే పిల్లి బెదిరితే చాలు, రక్తంలో చక్కెర పెరుగుతుంది. కాబట్టి ఒక్కసారి చూసిన అంకెతో తేల్చరు. మూత్రపరీక్ష, గడిచిన కొన్ని వారాల పరిస్థితిని చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష కూడా చేయిస్తారు. మన ప్రాంతం వారికి రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉంది. మోతాదు నిర్ణయించవలసినది పశువైద్యులే. మేము కాదు, మందుల షాపు వారూ కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మన దేశంలో మనుషులకు వాడే మామూలు ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువవాటిలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. వీటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. పిల్లులకు ఎక్కువగా రాసే గ్లార్జిన్ ఇన్సులిన్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. దీనికి నారింజ రంగు మూత సిరంజి. పిల్లికి 2 యూనిట్లు వేయమన్నారనుకోండి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 2 అనే గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 5 యూనిట్లు. అంటే రెండున్నర రెట్లు! అదే 40 యూనిట్ల మందును నారింజ మూత సిరంజిలో 2 దాకా లాగితే వెళ్లేది 0.8 యూనిట్ మాత్రమే. పెద్ద మనిషికి పూటకు 20 యూనిట్లు పడవచ్చు. 4, 5 కిలోల పిల్లికి డాక్టర్లు సాధారణంగా 12 గంటలకు ఒకసారి 1 యూనిట్‌తోనే మొదలుపెడతారు. ఇంత చిన్న మోతాదులో ఒక్క గీత తేడా కూడా పెద్ద తేడాయే. అర యూనిట్ గీతలు కూడా ఉండే 30 యూనిట్ల సిరంజి దొరికితే అదే కొనండి. గ్లార్జిన్‌లో నీళ్లు కలిపి పలచన చేయకూడదు.

పిల్లి మందుకూ, నాయనమ్మ మందుకూ వేర్వేరు డబ్బాలు పెట్టండి. పిల్లి సీసాకు ప్లాస్టరు అంటించి దాని మీద పెద్ద అక్షరాలతో రాయండి. చూపు సరిగా ఆనని పెద్దవారికి ఆ డబ్బా అందకుండా ఉంచండి.

సూది వేసే ముందు పిల్లి అన్నం తిన్నదా అని చూడండి. పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్ సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, గట్టిగా ఊపకూడదు. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి, మసకబారితే పారేయండి. డొక్క పక్కన చర్మాన్ని వేళ్లతో గుడారంలా పైకి ఎత్తి, దాని కిందికి సూది పోనివ్వండి. బొచ్చు తడిసిందంటే మందు బయటికి కారిందని అర్థం. అప్పుడు ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు కాబట్టి మళ్లీ వేయకండి. ఉదయం అమ్మ వేసిందో, అక్క వేసిందో గుర్తులేకపోయినా అంతే, మళ్లీ వేయకండి. ఒక పూట తప్పితే వచ్చే నష్టం కంటే రెండుసార్లు వేస్తే వచ్చే ప్రమాదమే ఎక్కువ. క్యాలెండరు మీద వేసినవారే టిక్కు పెట్టే అలవాటు చేసుకోండి.

పిల్లి తినకపోతే పూర్తి మోతాదు వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. తినకపోవడంతో పాటు వాంతులు, నీరసం కూడా ఉంటే తెల్లవారేదాకా ఆగకండి, రక్తంలో కీటోన్లు పెరిగి ఉండవచ్చు. సూది వేశాక పిల్లి తూలినా, వణికినా, ఫిట్స్ వచ్చినా షుగరు పడిపోయిందని అనుకోండి. తేనె గానీ గ్లూకోజు నీళ్లు గానీ చిగుళ్లకు రాసి వెంటనే తీసుకువెళ్లండి. స్పృహ లేనప్పుడు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చెవి అంచున చిన్నగా గుచ్చి ఇంట్లోనే షుగరు చూడవచ్చు. మనుషుల మీటరు పిల్లి రక్తంలో ఉన్నదానికంటే కొంత తక్కువ చూపుతుంది. డాక్టరు చెప్పిన రోజున రెండు గంటలకొకసారి, 12 గంటలపాటు చూసి రాసిపెట్టండి. అన్నింటికంటే తక్కువ అంకె 80కీ 150కీ మధ్య ఉండటం మంచిది. ఒక్క రోజు ఎక్కువ వచ్చిందని మీరే మోతాదు పెంచేయకండి, ఒక మార్పు చేశాక వారం రోజులైనా ఆగి చూస్తారు. మంచి కబురు ఏమిటంటే, తొందరగా వైద్యం మొదలుపెట్టి, పెరుగన్నం, పాలన్నం లాంటివి తగ్గించి మాంసాహారం పెడితే కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అది మనుషుల కంటే పిల్లులకున్న అదృష్టం! అందుకే బాగున్నట్టు కనబడినా పరీక్షలు మానకండి. అవసరం తగ్గాక పాత మోతాదే వేస్తే షుగరు పడిపోతుంది.

పిల్లుల కోసం 2022లో అమెరికాలో ఒక మాత్రకు అనుమతి వచ్చింది. ఇన్సులిన్ వాడుతున్న పిల్లులకు అది పనికిరాదు. నాయనమ్మ షుగరు మాత్రలు మాత్రం పిల్లికి ఎప్పుడూ వేయకండి.

సూది వేసేటప్పుడు పిల్లి కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, టీకా అవసరమా అని అదే రోజు మా దగ్గరకో, దగ్గరలోని ఆసుపత్రికో వచ్చి అడగండి. మీకే షుగరు ఉంటే ఆ పుండు త్వరగా చీము పడుతుంది, కాబట్టి ఆలస్యం చేయవద్దు. పిల్లికి వాడిన సూదిని మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండిన తరువాత ఆసుపత్రిలో ఇవ్వండి.